స్క్రీన్ ఆఫ్ చేసి ఆడి చూడండి

ఈద్ అయిన రెండో ఆదివారం కర్నూలులో మా ఆపా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మగాళ్లందరం దీవాన్‌ఖానాలో పాన్ నములుతూ కూచున్నాం. మూలన కుర్చీలో మా భాంజా. పదిహేడేళ్లు. పుట్టుకతో నాబీనా. చెవులకు హెడ్‌ఫోన్స్, చేతిలో నా ఫోన్. ఉన్నట్టుండి మెడ ఎడమకు తిప్పుతాడు, బొటనవేలితో స్క్రీన్ మీద చర్రున ఒక గీత గీస్తాడు, 'షాబాష్' అని తనకు తానే చెప్పుకుని నవ్వుతాడు.

మా దుల్హేభాయ్ వాళ్ల చిచ్చా కాసేపు చూసి అడిగారు. "క్యా మియా, ఆంఖాఁ నై సో బచ్చేకో గేమ్ కాయ్‌కూ?" అంతటితో ఆగలేదు. "అల్లా వాణ్ని కళ్ల గునాహ్‌ల నుంచి బచాయించాడు. మీరు తీసుకెళ్లి మళ్లీ అందులోకే తోస్తున్నారు. హిఫ్జ్‌కు పంపండి. బేచారా, వాడి జిందగీ అయినా బాగుపడుద్ది."

దీవాన్‌ఖానాలో సగం తలకాయలు ఊగాయి. పెద్దాయన ముందు నోరెత్తకపోవడం మా ఇంటి అదబ్. నేనూ ఖామోష్‌గా ఉండిపోయాను. కానీ హెడ్‌ఫోన్స్ ఒక చెవి నుంచి జరిపి మా భాంజా అంతా విన్నాడు. వాడు మామూలుగా అన్నీ వింటాడు. 'బేచారా' అనే మాట దగ్గర వాడి వేలు ఆగిపోవడం నేను చూశాను. ఆ రోజు చెప్పని జవాబు ఇక్కడ చెప్తున్నాను. చిచ్చాకే కాదు, ఇంకొకళ్లకు కూడా. వాళ్ల సంగతి తర్వాత.

ముందు వాడు ఆడుతున్నదేంటో చెప్పాలి. 'ఎ బ్లైండ్ లెజెండ్' అనే ఆట. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉన్న డొవినో అనే చిన్న సంస్థ 2015లో విడుదల చేసింది. కథలో ఎడ్వర్డ్ బ్లేక్ అనే యోధుడు. శత్రువులు అతని కళ్లు పోగొట్టారు. కూతురు లూయీస్ ముందు నడుస్తూ 'ఇటు నాన్నా, ఇటు' అన్నట్టు పిలుస్తూ ఉంటుంది. ఆ పిలుపు ఎటు నుంచి వస్తే అటు నడవాలి. శత్రువు ఊపిరి, గుర్రం డెక్కల చప్పుడు, కత్తి గాల్లో లేచిన ఆవాజ్ ఏ పక్కన వినిపిస్తే ఆ పక్కకు వేలితో గీస్తే మన కత్తి తిరుగుతుంది. చూడటానికి ఏ బొమ్మా అక్కర్లేదు. ఆటంతా చెవుల్లోనే ఉంది.

ఇదేం ఎల్లుండి పుట్టిన వింత కాదు. 1997లో జపాన్‌లో కెంజీ ఏనో అనే ఆయన 'రియల్ సౌండ్: కజే నో రిగ్రెట్' అని ఒక ఆట చేశాడు. అంతకు ముందు 'డి' అనే హారర్ ఆటతో పేరు తెచ్చుకున్నవాడు. కళ్లు లేనివాళ్లు కూడా తన ఆటలు ఆడటానికి తంటాలు పడుతున్నారని తెలిసి, వెళ్లి వాళ్లను కలిశాడు. ఆ తర్వాత, బొమ్మ అన్నదే లేని ఆట చేశాడు. డబ్బాలో బ్రెయిలీ కాగితం పెట్టాడు. సెగా కంపెనీతో ఒక షరతు పెట్టుకున్నాడు. ఈ ఆట మీ మెషీన్‌కే ఇస్తాను, మీరు మాత్రం వెయ్యి మెషీన్లు నాబీనాలకు ఇవ్వాలి అని. చిచ్చాజాన్, 'ఆంఖాఁ నై సో బచ్చేకో గేమ్ కాయ్‌కూ' అన్న మీ సవాల్‌కు ఒక మనిషి ఇరవై ఏళ్ల కిందటికి ముందే జవాబ్ ఇచ్చి పోయాడు. ఏనో 2013లో చనిపోయాడు.

అయితే మా భాంజాకు నచ్చేది యోధుల ఆటలకంటే భయం ఆటలు. పదిహేడేళ్ల కుర్రాళ్లందరికీ నచ్చేవే వాడికీ నచ్చుతాయి. ఇందులో ఆశ్చర్యం ఏముంది? ఖౌఫ్ అనేది అసలు చెవికి సంబంధించిన విషయం. కరెంటు పోయిన రాత్రుల్లో మా నానీ జిన్నాత్ కథలు చెప్పేది. నులకమంచం మీద నలుగురం ఒకరినొకరం పట్టుకుని వినేవాళ్లం. మాకు కనిపించింది ఏమీ లేదు. నానీ గొంతు తగ్గించేది, ఆగేది, అంతే. వివిధ భారతిలో హవామహల్ వినీ మేం ఉలిక్కిపడ్డాం. చీకట్లో కూచుని వినడం తెలిసిన కౌమ్‌కు, వినే ఆట ఎలా ఉంటుందో ఎవరూ నేర్పక్కర్లేదు.

2010లో లండన్‌లో 'పాపా సాంగ్రే' అని ఐఫోన్ కోసం ఒక ఆట వచ్చింది. నువ్వు చనిపోయావు, కటిక చీకటి మహల్‌లో ఉన్నావు, నీ మనిషిని కాపాడుకుని బయటపడాలి. స్క్రీన్ అడుగున రెండు పక్కలా రెండు పాదాల చోట్లు. ఎడమ, కుడి, ఎడమ, కుడి అని నొక్కితే నడక. తొందరపడితే తడబడి పడిపోతావు. నిద్రపోతున్న జంతువుల గురక వింటూ పక్కనుంచి జారుకోవాలి. ఎముకల మీద అడుగు పడిందా, అవి లేస్తాయి. చప్పుడు ఎడమ చెవికి ఒక రెప్పపాటు ముందు, కుడి చెవికి కాస్త వెనక, కాస్త మెత్తగా చేరితే అది ఎడమ పక్కన ఉందని మన దిమాగ్ పోల్చుకుంటుంది. ఆ హిసాబ్ అంతా కంప్యూటర్ చేత చేయించి హెడ్‌ఫోన్స్‌లోకి పంపారు. ఇలాంటి ఆటలో నేను మా భాంజా ముందు కూచుంటే అర నిమిషంలో చస్తాను. వాడు చావడు. వాడు పుట్టినప్పటి నుంచీ ఈ హిసాబ్ చేస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు రెండో పార్టీ సంగతి. చిచ్చా మాట నాకు కోపం తెప్పించింది. వీళ్ల తమాషా ఇంకా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఎందుకంటే వీళ్లు చదువుకున్నవాళ్లు, హమ్‌దర్దీ భాషలో మాట్లాడేవాళ్లు.

'ఆవాజ్‌తో అన్వేషణ' అని చెప్పుకునే సర్వైవల్ హారర్ ఆటలు కొన్నున్నాయి. 2015లో వచ్చిన 'డార్క్ ఎకో'లో స్క్రీన్ నల్లగా ఉంటుంది. అడుగు వేస్తే ఆ చప్పుడు గీతలై గోడలకు తగిలి వెనక్కి వస్తుంది. ఎర్ర గీత కనబడితే ప్రమాదం. 2017లో సింగపూర్ వాళ్లు చేసిన 'స్టైఫిల్డ్'లో నువ్వు మైక్‌లో నోరెత్తితే చుట్టుపక్కల ఆకారాలు గీతల్లా తేలతాయి, అదే గొంతు విని దెయ్యాలూ వస్తాయి. అదే ఏడాది అమెరికాలో 'పర్సెప్షన్' వచ్చింది. 'బయోషాక్' ఆటలకు పని చేసిన బిల్ గార్డ్‌నర్ తన చిన్న సంస్థతో, జనం దగ్గర కిక్‌స్టార్టర్‌లో చందాలు పోగుచేసి తయారుచేశాడు.

'పర్సెప్షన్' కథానాయిక కాసీ. నాబీనా అమ్మాయి. కలలోకి మాటిమాటికీ వచ్చే ఒక బంగళాను వెతుక్కుంటూ మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్లౌస్టర్‌కు ఒంటరిగా వస్తుంది. ఆ ఇంటి పేరు ఎకో బ్లఫ్. ఆమె చేతికర్రతో నేల మీద కొడుతుంది. ఠక్. చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఆ కాసేపు గది అంతా లేత నీలం వెలుగులో స్క్రీన్ మీద మెరుస్తుంది. తలుపు, కుర్చీ, మెట్లు. మళ్లీ చీకటి. మళ్లీ ఠక్. కానీ మరీ ఎక్కువ కొడితే ఆ ఇంట్లో ఉన్న 'ప్రెజెన్స్' అనే భూతం వినేస్తుంది, వేటాడుతుంది.

ఇన్సాఫ్‌గా ఒక మాట ముందే ఒప్పుకుంటాను. కాసీ బేచారీ కాదు. మొండిది, ధైర్యం ఉన్నది. కళ్లు లేని ఆడపిల్లను భిక్షగత్తెగానో దేవతగానో తప్ప చూపించని మన సినిమాలకంటే ఈ ఆట వెయ్యి రెట్లు నయం. ఆ మేరకు సలాం.

ఈ ఆట గురించి నేను మా భాంజాకు చెప్పాను. కర్ర, నీలం వెలుగు, భూతం, అన్నీ. వాడు విని ఒకే సవాల్ వేశాడు.

"మామూ, ఆమెక్కూడా నాలాగే కనబడదు కదా? మరి ఆ నీలం వెలుగు ఎవరి కోసం?"

నా దగ్గర జవాబ్ లేదు. అంటే ఉంది గానీ, వాడి మొహం ముందు చెప్పలేకపోయాను. ఆ వెలుగు నా కోసం బేటా. కళ్లున్న నా కోసం. నీ చీకటిని కొన్ని గంటలు కిరాయికి తీసుకుని, భయపడి, మజా చేసి, తర్వాత లైటు వేసుకుని అన్నం తినే నాలాంటి వాడి కోసం. కథ నీది, కర్ర నీది, టికెట్ మాత్రం నీకు లేదు.

డార్క్ ఎకో గీతలైనా, స్టైఫిల్డ్ గీతలైనా, కాసీ నీలం వెలుగైనా పని ఒకటే. ఆవాజ్‌ను బొమ్మగా మార్చి కళ్లకు అమ్మడం. అది చెడ్డ కళ అని నేననను. కళ్లున్నవాళ్ల కోసం చేశామని చెప్పి చేసుకోండి, హక్ మీది. 'చూపు లేకుండా బతకడం ఎలా ఉంటుందో అనుభవించండి' అన్న హమ్‌దర్దీ బోర్డు మాత్రం దయచేసి తగిలించకండి. ఎందుకంటే ఆ అనుభవం ఝూటా. అది కళ్లు మూసుకున్న కళ్లున్నవాడి అనుభవం. మొదటి పది నిమిషాల గాబరాని జిందగీ మొత్తానికి అంటగట్టడం.

మా భాంజా నాతో అన్న మాట ఇంకొకటి ఉంది. "చీకటి అంటే నాకు ఖౌఫ్ లేదు మామూ. చీకటి అంటే ఏందో నాకు తెల్వదు కూడా. నాకు ఖౌఫ్ డీజే." బారాత్‌లో డీజే పెట్టిన క్షణం నుంచి వాడికి గోడలు మాయం, మెట్లు మాయం, అమ్మ గొంతు మాయం. నాలుగు వైపులా ఒకటే మోత. అప్పుడు వాడు నిజంగా గుడ్డివాడవుతాడు. అట్లే మరీ సన్నాటా ఉన్నా వాడికి దారి దొరకదు. చప్పుడు తిరిగొస్తేనే కదా గోడ ఉన్నట్టు!

ఈ విద్యను దునియాకు చూపించిన పెద్దమనిషి అమెరికాలో ఉన్నాడు. డేనియల్ కిష్. పసితనంలోనే కేన్సర్ వల్ల రెండు కళ్లూ పోయాయి. నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేస్తూ, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చెట్టును, గోడను, ఆగి ఉన్న కారును పోల్చుకుంటాడు. సైకిల్ కూడా తొక్కుతాడు. వేరేవాళ్లకూ నేర్పిస్తాడు. ఇలా ప్రతిధ్వనితో దారి చూసుకునేవాళ్ల దిమాగ్‌ను 2011లో శాస్త్రవేత్తలు స్కాన్ చేస్తే, మనం కళ్లతో చూసేటప్పుడు పనిచేసే భాగమే వాళ్లలో ఆ ప్రతిధ్వనులకు పనిచేస్తూ కనిపించింది. అంటే చప్పుడు చేయడమే వాళ్ల చూపు.

ఇప్పుడు 'పర్సెప్షన్' నియమం మళ్లీ చదవండి. ఎక్కువ చప్పుడు చేస్తే భూతం వస్తుంది. కళ్లు లేనివాడి చూపునే నేరం చేసిన నియమం ఇది. కర్ర ఎంత తక్కువ కొడితే అంత క్షేమం అట! ఆటగా చూస్తే బిగువుగానే ఉంటుంది. కానీ ఈ నియమం నాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఎక్కడ అని ఆలోచిస్తే సిగ్గుతో తల వంగింది.

మా ఇంట్లోనే. "గల్లీలో కర్ర ఠక్ ఠక్ కొట్టకురా బేటా, అందరూ చూస్తున్నారు." ఈ మాట అన్నది మా ఆపా. వాణ్ని ప్రాణం కంటే ఎక్కువగా చూసుకునే తల్లి. నాలుకతో టక్ మంటే "బేఅదబీ, పెద్దోళ్ల ముందు ఆ చప్పుడేంది" అన్నది నేను. అవును, నేనే. దావత్‌లో ఎవరైనా వస్తే వాణ్ని మూల కుర్చీలో కూచోబెట్టి, కర్ర తలుపు వెనక పెట్టింది మేమంతా. అమెరికా ఆటలో ఉన్న ఆ ప్రెజెన్స్ కర్నూలు గల్లీలో కూడా ఉంది. దానికి షేర్వానీ ఉంది, బురఖా ఉంది, ప్రెస్ కార్డు కూడా ఉంది.

చిచ్చా మాటకూ, ఆ ఆట తయారుచేసినవాళ్ల నియమానికీ వేరు ఒకటే. ఒకరు 'కళ్లు లేనివాడికి ఆట ఎందుకు' అంటారు. ఇంకొకరు 'కళ్లు లేనివాడు ఆటలో ఉంటాడు, ఆడడు' అంటారు. ఇద్దరికీ వాడు తరస్ పడటానికో, భయపడటానికో పనికొచ్చే బొమ్మ. సరదా పడే హక్ ఉన్న మనిషి కాడు.

'చిన్న కంపెనీ, తక్కువ డబ్బు, అందరికీ పనికొచ్చేలా చేయడం కుదరదు' అనేవాళ్లున్నారు. వినండి. 2021లో కెనడా నుంచి ఫాలింగ్ స్క్విరల్ అనే చిన్న సంస్థ 'ది వేల్' అనే ఆట తెచ్చింది. అందులోనూ కథానాయిక నాబీనా అమ్మాయే, రాజకుమారి. ఆట మొత్తం చెవితో ఆడొచ్చు. కళ్లున్నవాడూ, లేనివాడూ పక్కపక్కన కూచుని ఒకే ఆట ఆడొచ్చు. మరి వీళ్లకు ఎలా కుదిరింది?

ఇంకో ఉదాహరణ అయితే నవ్వాలో ఏడవాలో తెలీదు. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' పెద్ద కంపెనీ చేసిన సర్వైవల్ హారర్. అందులో క్లికర్లు అనే రాక్షసులు ఉంటారు. కళ్లు లేని రాక్షసులు. నోటితో టక టక చప్పుడు చేస్తూ, ప్రతిధ్వనితో మనుషుల్ని వెతికి చంపుతాయి. కిష్ ఇల్మ్‌నే తీసుకెళ్లి రాక్షసుడి నోట్లో పెట్టారన్న మాట. అయినా ఆ ఆటలోనే 60కి పైగా సౌకర్యాలు పెట్టారు. ఎటు నడవాలో చెప్పే ఆవాజ్, చుట్టూ ఏముందో వెతికి చెప్పే ఆవాజ్, స్క్రీన్ మీద రాతలు చదివే గొంతు. కళ్లు అసలే లేనివాళ్లు ఆ ఆట మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేశారు. చూడండి ఈ ఖుదరత్! నాబీనాను రాక్షసుణ్ని చేసిన ఆట నాబీనాకు తలుపు తీసింది. నాబీనాను కథానాయికను చేసిన ఆట తలుపు వేసుకుని కూచుంది. కాబట్టి తెర మీద ఎవరున్నారన్నది కాదు మస్లా, కుర్చీలో ఎవరు కూచోగలరన్నది.

2011 జనాభా లెక్కల్లో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లు మన దేశంలో 50 లక్షల మంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సంస్కృతి, వినోదం అందరితో సమానంగా వాళ్లకూ అందాలని చెప్తుంది. వినోదం ఖైరాత్ కాదు, కానూన్‌లో రాసిన హక్.

ఇక హిఫ్జ్ సంగతి. నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. మా భాంజా తన ఖుషీతో ఖురాన్ కంఠస్థం చేస్తానంటే ముందు సంబరపడేది నేనే. నా ఎతరాజ్ హిఫ్జ్ మీద కాదు. కళ్లున్న పిల్లల్ని 'ఏమవుతావ్ బేటా' అని అడిగి, కళ్లు లేని పిల్లాణ్ని మాత్రం అడగకుండానే పంపించేయడం మీద. ఇబాదత్‌ను 'ఇంకేం చేతకాదు కాబట్టి' అనే కోటాలో వేయడం మీద. హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ నాబీనా సహాబీ. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఆయన్ను మూల కుర్చీలో కూచోబెట్టలేదు. అజాన్ ఇచ్చే బాధ్యత ఇచ్చారు. తాము ఊళ్లో లేనప్పుడు మదీనా బాధ్యత అప్పగించి వెళ్లారు. ఊరు మొత్తం వినేలా గొంతెత్తమన్నారు, చప్పుడు చేయొద్దనలేదు. మనం ఏ సున్నత్ పాటిస్తున్నాం చిచ్చాజాన్?

ఆటకు హద్దు ఉండాలన్న మాట నేనూ అంటాను. నమాజ్ వేళ ఫోన్ పక్కన పెట్టాలి. పరీక్షలప్పుడు పుస్తకమే. మా భాంజా విషయంలో ఇంకో హద్దు కూడా ఉంది. వాల్యూమ్. వాడికి చెవులే కళ్లు, అవి చెడితే వాడికి మిగిలేది ఏమీ లేదు. అందుకే ఆవాజ్ సగానికి మించనివ్వను. ఇవి కళ్లున్న పిల్లలకు కూడా పెట్టే హద్దులే. 'బేచారా' అనేది హద్దు కాదు, తాళం.

ఇంట్లో నాబీనా బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు నా అర్జీ చిన్నది. కుడి ఎడమ స్పష్టంగా తెలిసే ఒక మంచి హెడ్‌ఫోన్స్ కొనివ్వండి. ఫోన్‌లో స్క్రీన్ రీడర్ ఎలా ఆన్ చేయాలో మీరూ నేర్చుకోండి. ఆట ఆడుతుంటే పక్కన కూచుని ఒక చెవి మీరు పెట్టుకోండి. కర్రను తలుపు వెనక పెట్టకండి. గల్లీలో ఠక్ ఠక్ మననివ్వండి. చూసేవాళ్లు చూస్తారు, వాళ్ల కళ్లు వాళ్లిష్టం.

కంప్యూటర్లు చదివి అమీర్‌పేట నుంచి అమెరికాదాకా ఉద్యోగాలు చేస్తున్న మన ఇళ్ల పిల్లలకు ఇంకో మాట. మీ నానీలు చెప్పిన జిన్నాత్ కథలు ఉన్నాయి. పాడుబడ్డ కోటలు, దర్గా మెట్లు, అర్ధరాత్రి సహరీకి లేపే ఢోలు చప్పుడు ఉన్నాయి. దఖ్నీ ఉంది, తెలుగు ఉంది. ఎడ్వర్డ్ బ్లేక్ కూతురిలా మన లూయీస్ 'ఇధర్ ఆవ్ అబ్బా' అని పిలిచే ఆట చేయండి. చేశాక ఒకే పరీక్ష పెట్టండి. స్క్రీన్ ఆఫ్ చేసి ఆడి చూడండి. ఆడగలిగితే అది ఆవాజ్ ఆట. ఆడలేకపోతే అది ఆవాజ్ పేరు చెప్పుకున్న బొమ్మల ఆట.

చిచ్చాజాన్, ఈ రాత మీ మనవరాలు మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. గుస్తాఖీ ఉంటే మాఫ్ చేయండి, మాట మాత్రం వెనక్కి తీసుకోను. వచ్చే దావత్‌కు రెండు జతల హెడ్‌ఫోన్స్ తెస్తాను. ఒకటి వాడికి, ఒకటి మీకు. కళ్లు మూసుకుని పది నిమిషాలు వాడి పక్కన కూచోండి. తప్పిపోతారని ఫికర్ చేయకండి, వాడికి దారి తెలుసు.